పీడీఎఫ్‌లో దొరికిన వేళ్లు, పువ్వులు, పాములు: మీకు తెలుసా?

పాత పుస్తకాన్ని స్కాన్ చేసినప్పుడు అందులోని అక్షరాలు మాత్రమే కంప్యూటర్‌లోకి రావు. పుట మీద ఏముంటే అదంతా వస్తుంది. ఎవరో గీసిన పెన్సిలు గీత, గ్రంథాలయం స్టాంపు, రామబాణం పురుగు తొలిచిన దారి, పుట తిప్పినవాళ్ల చెయ్యి, అన్నీ వస్తాయి. కేటలాగులో వీటికి చోటు లేదు. వెతికితే దొరకవు, పుటలు తిప్పుతూ పోయేవాళ్లకే కనిపిస్తాయి. ఏదో విషయం కోసం పుస్తకం తెరిచి, ఆ విషయం దాకా వెళ్లకుండానే ఇలాంటి వాటి దగ్గర ఆగిపోవడం నాకు అలవాటు. అలా ఆపేసే సంగతులు కొన్ని చెబుతాను.

పుట తిప్పిన చెయ్యి

గూగుల్ బుక్స్‌లో పాత పుస్తకం చదువుతుంటే ఒక్కోసారి పుట అంచున బొటనవేలు ప్రత్యక్షమవుతుంది. కొన్నిచోట్ల అరిచెయ్యి మొత్తం అక్షరాల మీద పరుచుకుని ఉంటుంది. వేళ్లకు గులాబీరంగు రబ్బరు తొడుగులు కూడా కనిపిస్తాయి. అవి స్కానింగు ఉద్యోగుల చేతులు. హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్, మిషిగన్, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలతోనూ, న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీతోనూ కలిసి ఈ పని చేస్తున్నట్టు గూగుల్ 2004 డిసెంబరులో ప్రకటించింది. 2019 నాటికి లెక్క 4 కోట్ల పుస్తకాలకు చేరింది. వాటి వెనక ఇలాంటి చేతులు ఎన్నో పనిచేశాయి.

పుస్తకాన్ని గాజుపలక కింద నొక్కిపెడితే పుట చదునుగా వస్తుంది. కానీ పని నెమ్మదిస్తుంది, పాత బైండింగు మీద బరువు పడుతుంది. గూగుల్ వేరే దారి పట్టింది. తెరిచిన పుస్తకం మీద కంటికి కనిపించని పరారుణ కాంతితో ఒక నమూనాను పడేసి, పుట ఎక్కడ ఎంత వంగిందో కెమెరాలతో కొలిచి, ఆ వంపును కంప్యూటర్‌లో సరిచేసే పద్ధతి అది. దానికి 2009లో అమెరికా పేటెంటు కూడా వచ్చింది. పుటలో పడిన వేళ్లను గుర్తుపట్టి చెరిపే సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. దాని కన్నుగప్పినవే మనకు కనిపిస్తున్నాయి. వీటిని ఏరి కూర్చిన కళాకారులు ఉన్నారు. నాకైతే ఇవి లోపాలుగా అనిపించవు. రచయిత పేరు, ముద్రించినవారి పేరు, గ్రంథాలయం పేరు పుస్తకంలో ఎక్కడో ఒకచోట ఉంటాయి. దాన్ని మన దాకా చేర్చిన మనిషికి మిగిలిన సంతకం ఆ వేలొక్కటే.

అదే వేగంలో జరిగిన నష్టం కూడా ఉంది. పాత యాత్రాగ్రంథాల్లో మడతపెట్టి అంటించిన పెద్ద పటాలు ఉంటాయి. వాటిని విప్పకుండానే స్కాన్ చేసినవి చాలా ఉన్నాయి. మడత పైభాగం తప్ప పటం కనిపించదు. చిత్రానికి సిరా అంటకుండా మీద కప్పిన పల్చటి కాగితాన్ని పక్కకు తొలగించకపోతే, బొమ్మ దాని కిందే మసకగా ఉండిపోతుంది.

'డ్రెంచ్‌డ్ బుక్'

ఉస్మానియా విశ్వవిద్యాలయం గ్రంథాలయం నుంచి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాకు ఎక్కిన పుస్తకాలు కొన్ని తెరిచి చూడండి. చాలావాటిలో అట్ట కంటే ముందే ఒక తెల్లపుట వస్తుంది. దాని మీద పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో 'డ్యామేజ్ బుక్' అనో, 'డ్రెంచ్‌డ్ బుక్' అనో, 'టైట్ బైండింగ్ బుక్' అనో, 'పేజెస్ మిస్సింగ్ వితిన్ ది బుక్ ఓన్లీ' అనో ఉంటుంది. 'టెక్స్ట్ ఫ్లై వితిన్ ది బుక్ ఓన్లీ' అన్నది ఇంకో రకం. మొదటిసారి చూసినవాళ్లు అదే పుస్తకం పేరనుకుంటారు.

ఆ తర్వాత 'యూనివర్సల్ లైబ్రరీ' అన్న మాట, 'ఓయూ' అని మొదలయ్యే ఒక అంకె. దాని వెనక గ్రంథాలయం చీటీ. అందులో కాల్ నంబరు, యాక్సెషన్ నంబరు, రచయిత పేరు, పుస్తకం పేరు, కింద వేసిన ఆఖరి తేదీలోగా తిరిగి ఇవ్వాలన్న ఆదేశం. ఆ చీటీని దాటేసి పోకండి. మనకంటే ముందు ఆ పుస్తకాన్ని గౌరవంగా పుచ్చుకుని గడువులోగా తెచ్చిచ్చిన పాఠకులు అక్కడ ఉన్నారు.

ఆ తెల్లపుట మీది మాటలు చూసి నవ్వేవాళ్లున్నారు. నాకు అందులో నిజాయతీ కనిపిస్తుంది. వేల పుస్తకాలు చేతుల్లోంచి పోతున్నప్పుడు కూడా ఒకరు ఆగి, ఇది తడిసిన పుస్తకం, ఇందులో కొన్ని పుటలు లేవు, లోపం పుస్తకంలోనే ఉంది అని ముందుగా చెప్పి పెట్టారు. యంత్రానికి అదేమీ తెలియదు. అందుకే ఇంటర్నెట్‌లో ఆ పుస్తకాల పాఠం తెరిస్తే, నవలైనా వ్యాకరణమైనా, మొదటి వాక్యం ఇదే అయి కూర్చుంది.

కాటూరు నుంచి పది లక్షల పుస్తకాలు

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పని వెనక ఉన్న పెద్ద పేరు రాజ్ రెడ్డి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కృత్రిమ మేధ మీద పరిశోధించి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. పది లక్షల పుస్తకాలను ఎవరైనా ఉచితంగా చదువుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టాలన్న ప్రయత్నాన్ని ముందుండి నడిపించారు. భారత్, చైనా, ఈజిప్టు అందులో చేతులు కలిపాయి. 2007 నవంబరులో లెక్క చూస్తే 15 లక్షలు దాటింది. మన దేశంలో బెంగళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ ముఖ్య కేంద్రాలుగా ఉండేవి. ఆ పుస్తకాలు లక్షల్లో ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి.

వీటిలో పుటలను నలుపు, తెలుపు అన్న రెండే స్థాయిల్లో తీశారు. ఫైలు చిన్నదవుతుంది, అక్షరం స్పష్టంగా వస్తుంది. కానీ మధ్యలో ఉండే బూడిదరంగులన్నీ పోతాయి. పుస్తకం మొదట్లో రచయిత ఫొటో ఉంటే అది నల్లటి మరకగా మారుతుంది. ఇంట్లో ఆ పుస్తకం అసలు ప్రతి ఉన్నవాళ్లకు మాత్రమే ఆ ముఖం కనిపిస్తుంది. ఇంకో చిక్కు పేర్లతో. తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించేటప్పుడు దీర్ఘానికి రెండేసి అచ్చులు, సున్నకు పక్కన ఏదో ఒక గుర్తు వాడారు. కాబట్టి మీరు వెతికే పుస్తకం మొదటిసారి దొరక్కపోతే లేదని వదిలేయకండి. రచయిత పేరుతో, పుస్తకం పేరులోని ఒక్క ముక్కతో, రకరకాల స్పెల్లింగులతో మళ్లీ మళ్లీ వెతకండి.

ఏ ప్రభవ?

పాత తెలుగు పుస్తకం ముఖపత్రం మీద కొన్నిసార్లు ఇంగ్లీషు సంవత్సరం ఉండదు. ప్రభవ అనో విభవ అనో ఉంటుంది. ప్రభవ 1867లో వచ్చింది, 1927లో వచ్చింది, 1987లోనూ వచ్చింది. కాగితం, అచ్చు, భాష చూసి ఏ ప్రభవో తేల్చాలి. కేటలాగు రాసినవారు తొందరపడితే పుస్తకం వయసు ఒక్కసారిగా 60 ఏళ్లు మారిపోతుంది. వెల సాయం చేస్తుంది. 0-8-0 అని ఉంటే ఎనిమిది అణాలు. మొదటి అంకె రూపాయి, రెండోది అణా, మూడోది 'పై' అనే చిన్న నాణెం. మన దేశంలో దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి కాబట్టి మూడు అంకెల వెల ఉన్న పుస్తకం దాదాపుగా అంతకుముందుదే. పుట అంకెలు ౧, ౨, ౩ అని తెలుగులో ఉన్నాయా, అరసున్నలు ఎంత శ్రద్ధగా వేశారు అన్నవి మిగతా ఆధారాలు.

స్టాంపు కూడా చూడండి. హైదరాబాద్ శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పేరు కనిపిస్తే, అది నిజాం పాలనలో తెలుగు చదువు కోసం 1901లో పుట్టిన గ్రంథాలయం. హనుమకొండ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం అయితే 1904. వేటపాలెం సారస్వత నికేతనం అయితే 1918. ఇంత చిన్న గుండ్రటి ముద్రలో ఒక ఊరి పట్టుదల ఉంటుంది.

చివర్లో తప్పొప్పుల పట్టిక వస్తుంది. ఫలానా పుట, ఫలానా పంక్తి, తప్పు, ఒప్పు. అచ్చయిపోయిన పుస్తకాన్ని కూడా వదలకుండా మళ్లీ చదివి, ఒక్కో అక్షరం లెక్కన పాఠకుడికి అప్పజెప్పిన ఆ శ్రద్ధ అంటే నాకు ఎంతో ఇష్టం.

విశాఖపట్నం పాములు, సామర్లకోట మొక్కలు

ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ వైద్యుడు 18వ శతాబ్దం చివర్లో ఈస్టిండియా కంపెనీ తరఫున ప్రకృతి పరిశోధకుడిగా పనిచేస్తూ విశాఖపట్నంలో ఉన్నాడు. కోరమాండల్ తీరపు పాముల మీద అతని పుస్తకం 1796లో లండన్‌లో అచ్చయింది. రంగుల బొమ్మలతో ఉన్న ఆ గ్రంథం ఇప్పుడు బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ అనే డిజిటల్ భాండాగారంలో ఎవరైనా చూడొచ్చు. ఈ భాండాగారంలో 6 కోట్లకు పైగా పుటలున్నాయి.

ఆ పుస్తకం తిరగేస్తే తెలుగువాడికి ఒళ్లు పులకరిస్తుంది. మనం రక్తపింజర అనే పాము బొమ్మ దగ్గర రస్సెల్ రాసిన పేరు కాటుక రేకుల పొడ. దాని వీపు మీది నల్లటి గుండ్రటి మచ్చలు చూసి పెట్టిన పేరది. అప్పటి విశాఖ పరిసరాల్లో జనం ఏమన్నారో విని, తన చెవికి తోచినట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. ఇంగ్లీషులో ఈ పాము తర్వాత అతని పేరు మీదే రస్సెల్స్ వైపర్ అయింది. పసుపు, నలుపు పట్టీల పాముకు అతను రాసుకున్న బంగారు పాము అన్న పేరు మాత్రం ఇంకా దూరం వెళ్లింది. 1803లో ఫ్రెంచి శాస్త్రవేత్త దోదాన్ కట్లపాముల ప్రజాతికి బంగారస్ అని పేరు పెట్టాడు. ఈ రోజు ప్రపంచంలో ఏ దేశపు సర్పశాస్త్రజ్ఞుడైనా ఆ తెలుగు మాట పలకాల్సిందే.

అదే 1803లో రస్సెల్ విశాఖపట్నం చేపల మీద రెండు సంపుటాలు తెచ్చాడు. పుస్తకం పేరులోనే రెండు వందల చేపలని, విశాఖపట్నంలో సేకరించినవని ఉంది. వాటికీ మన జాలరుల నోటి పేర్లే రాశాడు.

అదే కాలంలో విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో మొక్కలు పెంచుతూ, పరీక్షిస్తూ ఉండేవాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద అతని మూడు సంపుటాల గ్రంథం 1795లో మొదలై 1820 దాకా వెలువడింది. మొత్తం 300 చిత్రాలు. వాటికి ఆధారమైన బొమ్మలు గీసింది భారతీయ చిత్రకారులు. మోదుగ, తీగ మోదుగ అందులో ఉన్నాయి. మొక్క లాటిన్ పేరు కింద 'తెలింగులు ఇలా అంటారు' అని తెలుగు పేరు ఇవ్వడం రాక్స్‌బర్గ్ అలవాటు. చిత్రకారుల పేర్లు మాత్రం చిత్రాల కింద లేవు. ఒక మోదుగ పువ్వు వంపును అంత బాగా పట్టుకున్న చెయ్యి ఎవరిదో ఆ పుస్తకం చెప్పకపోవడం అన్యాయం.

యంత్రం పక్కన పడేసిన బొమ్మలు

స్కాన్ చేసిన పుటలో అక్షరాలను గుర్తుపట్టే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ ముందుగా ఏది పాఠం, ఏది బొమ్మ అని విడదీస్తుంది. బొమ్మ దానికి అక్కర్లేదు కాబట్టి వదిలేస్తుంది. కాలెవ్ లీతారు అనే పరిశోధకుడు ఆ వదిలేసిన చోటుల గుర్తులనే పట్టుకున్నాడు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని 60 కోట్ల పుటల నుంచి బొమ్మలను కత్తిరించి, ఒక్కోదానికి ముందూ వెనకా ఉన్న పేరాలను జతచేశాడు. 2014లో మొదటి విడతగా 26 లక్షల బొమ్మలు ఫ్లికర్‌లో పెట్టాడు. టెలిఫోను అని కొడితే వందేళ్ల కిందటి టెలిఫోను బొమ్మలు వరుసగా వస్తాయి. పుస్తకాన్ని పాఠంగా మాత్రమే చూసిన చోట, అదే పుస్తకాన్ని బొమ్మల భోషాణంగా చూడటం గొప్ప ఆలోచన.

అంతకు కొద్దిగా ముందే, 2013 డిసెంబరులో, బ్రిటిష్ లైబ్రరీ కూడా 17, 18, 19 శతాబ్దాల 65 వేల సంపుటాల నుంచి 10 లక్షలకు పైగా బొమ్మలను ఎలాంటి హక్కుల అడ్డూ లేకుండా విడుదల చేసింది. ఏ బొమ్మలో ఏముందో లైబ్రరీకి కూడా తెలియదు. మీరే చెప్పండి అని జనాన్ని అడిగింది. ఎక్కడెక్కడివారో కూర్చుని ఒక్కోటీ చూసి రాశారు. వాటిలో 50 వేలకు పైగా పటాలున్నట్టు అలా బయటపడింది.

తాకకూడని పుస్తకం

1874లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో రాబర్ట్ కెడ్జీ అనే రసాయన శాస్త్ర ఆచార్యుడు ఒక పుస్తకం తయారుచేశాడు. ఆ రోజుల్లో ఇళ్ల గోడలకు అంటించే రంగుకాగితాల్లో ఆర్సెనిక్ కలిసిన పచ్చరంగు వాడేవారు. రాలిన పొడి పీల్చి జనం జబ్బుపడుతున్నారు. చెబితే ఎవరూ నమ్మడం లేదు. అందుకని ఆయన ఆ విషపు గోడకాగితాలనే 86 నమూనాలుగా కత్తిరించి, ముందు ఒక హెచ్చరిక రాసి, బైండు చేయించి, 100 ప్రతులు రాష్ట్రంలోని గ్రంథాలయాలకు పంపించాడు. పుస్తకం పేరుకు అర్థం మృత్యువు గోడల నుంచి పడే నీడలు.

పుస్తకమే విషం కావడంతో చాలా గ్రంథాలయాలు తర్వాత తమ ప్రతులను నాశనం చేశాయి. ఇప్పుడు మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. మిషిగన్‌లో ఉన్న ప్రతుల ఒక్కో పుటను ప్లాస్టిక్ తొడుగులో మూసి భద్రపరిచారు. అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ తన ప్రతిని స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టింది. ఆకుపచ్చ పూలు, బంగారు తీగలు, చూడటానికి ఎంత అందంగా ఉన్నాయో! చేతికి తొడుగులు లేకుండా, భయం లేకుండా ఆ పుస్తకం తిరగేసే అవకాశం మనకు తెర మీద మాత్రమే ఉంది. డిజిటల్ ప్రతి వల్ల ప్రయోజనం ఏమిటని ఎవరైనా అడిగితే నేను ముందుగా చెప్పే ఉదాహరణ ఇదే.

అందం కోసమే చూడాలంటే ఇంకో పుస్తకం ఉంది. ఆనా అట్కిన్స్ అనే ఆంగ్లేయ మహిళ 1843లో సముద్రపు నాచుమొక్కలను రసాయనం పూసిన కాగితం మీద పెట్టి, ఎండ తగిలించి, ముదురు నీలం మీద తెల్లటి ఆకృతులుగా దించింది. ఫొటోలతో వచ్చిన తొలి పుస్తకం అదే. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ దాన్ని డిజిటల్‌గా అందరికీ ఇచ్చింది.

మీరూ పాత పుస్తకాలు చదివిపెట్టారు

వెబ్‌సైటులో లాగిన్ అయ్యేటప్పుడు వంకరటింకర అక్షరాలున్న రెండు మాటలు చూపించి టైపు చేయమనేవారు, గుర్తుందా? లూయిస్ వాన్ ఆన్ బృందం 2007లో తెచ్చిన రీక్యాప్చా అది. ఆ రెంటిలో ఒక మాట యంత్రానికి ముందే తెలుసు, మీరు మనిషేనని తేల్చుకోవడానికి. రెండోది పాత పత్రికల నుంచో పుస్తకాల నుంచో తీసిన, ఓసీఆర్‌కు అంతుపట్టని మాట. ఒకే మాటకు చాలామంది ఒకే జవాబు ఇస్తే దాన్ని ఖాయం చేసేవారు. న్యూయార్క్ టైమ్స్ పాత సంచికలు ఇలాగే పాఠంగా మారాయి. మొదటి ఏడాదిలోనే 44 కోట్ల మాటలు తేలాయి. 2009లో గూగుల్ దాన్ని కొనుక్కుంది.

రెండు కాలమ్‌ల మధ్య పుట్టిన మైక్రోస్కోపు

యంత్రం తప్పు చదివితే ఏమవుతుందో ఈ ఒక్క సంగతి చాలు. 1959లో బ్యాక్టీరియాల మీద ఒక వ్యాసం రెండు కాలమ్‌లుగా అచ్చయింది. ఎడమ కాలమ్ పంక్తిలో 'వెజిటేటివ్' అన్న మాట, సరిగ్గా దాని ఎదురుగా కుడి కాలమ్‌లో 'ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ'. డిజిటల్ పాఠంలో కాలమ్‌ల మధ్య ఖాళీ చెరిగిపోయి రెండూ కలిసి 'వెజిటేటివ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ' అయింది. అలాంటి పరికరం గానీ పద్ధతి గానీ లోకంలో లేదు. అయినా ఆ మాట ఇటీవలి పరిశోధన వ్యాసాల్లో కూడా కనిపించింది, కృత్రిమ మేధ రాసే పాఠంలోకి కూడా చేరింది. పుట బొమ్మ పక్కన పెట్టుకోకుండా పాఠాన్ని ఒక్కదాన్నే నమ్మకూడదు.

తెలుగులో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. పంక్తి కింద ఒత్తులు, అరిగిన అచ్చులు, బండి ఱ, అరసున్న, వీటికి తోడు పురుగు తిన్న రంధ్రం అచ్చం సున్నలా ఉంటుంది.

చించి పారేసిన ప్రకటనలు

పాత పత్రికలను గ్రంథాలయాల్లో బైండు చేయించేటప్పుడు అట్టలు, ప్రకటనల పుటలు తీసేయడం చాలాచోట్ల అలవాటు. అందుకే వ్యాసాలు దొరికినంత తేలిగ్గా ప్రకటనలు దొరకవు. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ డిజిటల్ చేసిన ఆంధ్రపత్రిక, భారతి, కృష్ణాపత్రిక సంచికలు చూసేటప్పుడు ప్రకటన కనిపిస్తే ఆగి చదవండి. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ రాబడితోనే 1908లో ఆంధ్రపత్రిక, 1924లో భారతి వచ్చాయి. తెలుగు సాహిత్యానికి ఆ తలనొప్పి మందు ఎంత చేసిందో ప్రకటనల పుటలు చూస్తే తెలుస్తుంది.

ఎండిన పువ్వు

వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఆండ్రూ స్టాఫర్ అనే ఆచార్యుడు 2014లో బుక్ ట్రేసెస్ అనే ప్రయత్నం మొదలుపెట్టాడు. గ్రంథాలయాల అరల్లో ఉన్న 19వ శతాబ్దపు మామూలు పుస్తకాలను ఒక్కోటీ తెరిచి, పాఠకులు వదిలిన గుర్తులు వెతకడం ఆ పని. పుటల మధ్య నొక్కిపెట్టిన పువ్వులు, పోయిన బిడ్డను తలుచుకుంటూ కవిత పక్కన రాసుకున్న మాటలు, ఉత్తరాలు, జుట్టు పాయలు దొరికాయి. పువ్వు కాలక్రమంలో పోయినా దాని గోధుమరంగు నీడ పుటకు అంటుకుని ఉంటుంది, స్కాన్‌లో కూడా వస్తుంది. ఒకే పుస్తకం ప్రతులు రెండున్నాయి కదా, ఒకటి స్కాన్ చేశాం కదా అని రెండోది తీసేస్తే ఇవన్నీ పోతాయన్నది ఆయన వాదన. అది పూర్తిగా నిజమని నేను నమ్ముతాను. ఒకే ముద్రణలో వచ్చిన రెండు ప్రతులు పాఠకుల చేతుల్లో పడ్డాక ఒకటి కావు.

మన దగ్గర పాత పుస్తకాల పని ఇంకా చాలా మిగిలి ఉంది. తెలుగు వికీసోర్స్‌లో స్కాన్ చేసిన పుట ఒకవైపు, పాఠం ఒకవైపు పెట్టి ఎవరైనా సరిచూడొచ్చు. ఒకరు దిద్దిన పుటకు పసుపు గుర్తు, రెండోవారు చూసి సరేనన్నాక ఆకుపచ్చ గుర్తు పడుతుంది. రోజుకు ఒక్క పుట దిద్దినా అది పనికొస్తుంది. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు లెక్కకట్టి, ఆ తర్వాత రచన అందరిదీ అవుతుంది. అలాంటి పుస్తకాలు మీ తాతగారి పెట్టెలో ఉంటే స్కాన్ చేయించండి. చేయించేటప్పుడు అట్ట, స్టాంపు, వెల, తప్పొప్పుల పట్టిక, చివరి ప్రకటన, పుటల మధ్య దొరికిన చీటీ ఏదీ వదలొద్దని గట్టిగా చెప్పండి. పని పూర్తయ్యాక పుస్తకాన్ని తూకానికి మాత్రం వేయకండి.